ఇల్లు మారుతున్నారా? లారీ కంటే ముందు ఇంటర్నెట్‌కి ఫోన్ చేయండి

ఇల్లు మారడం అనగానే అందరికీ ముందు మంచాలు, బీరువా, ఫ్రిజ్ గుర్తొస్తాయి. ఇంటర్నెట్ ఎవరికీ గుర్తురాదు, మూట కట్టే వస్తువు కాదు కదా. నాకూ గుర్తురాలేదు. పోయినసారి మారినప్పుడు నేను చేసిన తెలివైన పని ఏంటంటే, సామాను లారీ ఎక్కిన రోజే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పాత కనెక్షన్ కట్ చేయించేశాను, ఒక్క రోజు బిల్లు కూడా దండగ కాకూడదని. కొత్త ఇంట్లో రెండు రోజుల్లో లైను ఇచ్చేస్తాం అన్నారు, నమ్మాను. మూడో రోజు వచ్చిన టెక్నీషియన్ మెట్ల దగ్గర గోడకున్న డబ్బా తెరిచి, లోపలికి తొంగిచూసి, "పోర్టులు ఖాళీ లేవు సార్, ఇంకో స్ప్లిటర్ వేయాలి, నా చేతిలో లేదు" అని మూత వేసి వెళ్లిపోయాడు. తర్వాత పదిహేడు రోజులు ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆఫీసు మీటింగులు, పిల్లల క్లాసులు, అన్నీ. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, మీకు ఆ పదిహేడు రోజులు తప్పుతాయని.

అన్నిటికంటే ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోవాలి. మనం "కనెక్షన్ మార్పించడం" అంటాం గానీ, అందులో నాలుగు వేరువేరు సంగతులున్నాయి. అకౌంటు ఒకటి, అంటే మీ పేరు, ప్లాన్, బిల్లు, డిపాజిట్. నంబరు ఒకటి. గోడలోంచి వచ్చే వైరు ఒకటి. ఆ వైరు చివర పెట్టిన డబ్బా, అంటే మోడెమో రూటరో, ఒకటి. అకౌంటు మీది, మీతో వస్తుంది. డబ్బా చాలాసార్లు కంపెనీది, తీసుకెళ్లాలో తిరిగి ఇవ్వాలో అడగాలి. నంబరు రావచ్చు, రాకపోవచ్చు. వైరు మాత్రం ఎప్పటికీ రాదు, అది ఆ ఇంటిది. కాబట్టి షిఫ్టింగ్ అని కంపెనీ ఎంత ముద్దుగా పిలిచినా, కొత్త ఇంటి వైపు నుంచి చూస్తే అది కొత్త కనెక్షనే. అక్కడ వైరు ఉందా, లేకపోతే వేయగలరా, ఎన్నాళ్లు పడుతుంది అనేదే అసలు ప్రశ్న, మిగతాదంతా కాగితాల పని.

ఇల్లు ఖాయం చేసుకునే ముందే అడగండి

వీలైతే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే. ఇంటి నుంచి పనిచేసేవాళ్లయితే ఇది "వీలైతే" కాదు, తప్పనిసరి. నీళ్లు వస్తున్నాయా అని కొళాయి తిప్పి చూస్తాం, ఇది కూడా అలాంటిదే. కంపెనీ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి చూస్తే "మీ ఏరియాలో సర్వీసు ఉంది" అని పచ్చగా వస్తుంది. దాన్ని చూసి మురిసిపోకండి. ఏరియాలో ఉండటం వేరు, మీ బిల్డింగ్‌లో ఉండటం వేరు, మీ అంతస్తు దాకా వైరు రావడం వేరు, వచ్చినా మెట్ల దగ్గరి డబ్బాలో పోర్టు, అంటే వైరు తగిలించే రంధ్రం, ఖాళీగా ఉండటం వేరు. ఫైబర్ ఎలా వస్తుందంటే, కంపెనీ నుంచి ఒక్క గాజు పోగు బయలుదేరి, దారిలో స్ప్లిటర్ అనే చిన్న పరికరం దగ్గర చీలి, మామూలుగా 32 ఇళ్లకో 64 ఇళ్లకో వెళ్తుంది. స్ప్లిటర్‌కి ఉన్న కాళ్లు లెక్కపెట్టినన్నే ఉంటాయి. అవి నిండిపోతే మీరెంత అరిచినా లైను రాదు, ఇంకో స్ప్లిటర్ పెట్టాలి, దానికి కంపెనీలో ఇంకెవరో ఒప్పుకోవాలి, అక్కడే వారాలు గడిచిపోతాయి.

అందుకే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పక్కింటివాళ్లని రెండు ముక్కలు అడగండి: ఏ కంపెనీ వాడుతున్నారు, రాత్రి పూట ఎలా ఉంటుంది. కస్టమర్ కేర్‌లో అరగంట మాట్లాడితే తేలనిది పక్కింటి గుమ్మం దగ్గర రెండు నిమిషాల్లో తేలుతుంది. కొత్త ఇంట్లో గోడ మీద పాత సాకెట్లు ఏమున్నాయో కూడా చూడండి. సన్నటి ఫైబర్ వైరు, చివర పచ్చ రంగు కనెక్టర్ వేలాడుతుంటే మీ అదృష్టం, సగం పని అయిపోయినట్టే. రాగి టెలిఫోన్ సాకెట్ మాత్రమే ఉంటే కాస్త ఆలోచించాలి. రాగి తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌కి దూరమే శత్రువు. పాత రకం ఏడీఎస్‌ఎల్ ఎక్స్ఛేంజీ నుంచి 5 కిలోమీటర్లు వచ్చేసరికి నీరసించిపోతుంది, దాని తర్వాత వచ్చిన వీడీఎస్‌ఎల్ వేగంగా ఉన్నా వీధి డబ్బా నుంచి కొన్ని వందల మీటర్ల లోపే దాని ప్రతాపం. పాత ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసిన అదే ప్లాన్, అదే కంపెనీ, కొత్త ఇంట్లో నత్తనడక నడవడానికి కారణం ఇదే. ప్లాన్‌లో రాసిన వేగం కాదు, ఆ అడ్రస్‌లో ఎంత వస్తుందో చెప్పమని అడగండి.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. ఆ ఇంట్లో ముందున్నవాళ్లు కనెక్షన్ రద్దు చేసుకోకుండా వెళ్లిపోతే, కంపెనీ లెక్కలో ఆ లైను ఇంకా వాళ్లదే. మీరు దరఖాస్తు పెడితే "ఈ అడ్రస్‌లో ఆల్రెడీ కనెక్షన్ ఉంది" అని తిరగ్గొడుతుంది. ఇంటి ఓనర్ ద్వారా వాళ్లని పట్టుకుని రద్దు చేయించండి. అదే వాళ్లు సరిగ్గా రద్దు చేసుకుని, వైరు పీకకుండా వెళ్తే మీకు పండగ, ఆ వైరుకే మీ అకౌంటు తగిలిస్తారు. దరఖాస్తులో ముందున్నవాళ్లది ఏ కంపెనీయో, వైరు ఉందో లేదో ముందే చెబితే పని త్వరగా అవుతుంది.

ఎప్పుడు, ఏమని అడగాలి

మారే తేదీకి మూడు నాలుగు వారాల ముందు ఫోన్ చేయండి. అంత ముందెందుకు అనుకుంటారు. అన్నీ కుదిరితే ఒక్క రోజు పనే, నిజమే. కుదరకపోతే మాత్రం రోడ్డు తవ్వాల్సి రావచ్చు, బిల్డింగ్ అసోసియేషన్ అనుమతి కావాల్సి రావచ్చు, అవేవీ మీ చేతిలో ఉండవు.

ఫోన్ చేసినప్పుడు "షిఫ్టింగ్ కావాలి" అని ఊరుకోకండి. ఇవన్నీ అడగండి, జవాబులు ఎక్కడైనా రాసిపెట్టుకోండి: కొత్త అడ్రస్‌కి ఇదే ప్లాన్, ఇదే వేగం వస్తుందా, షిఫ్టింగ్ ఛార్జీ ఎంత, వైరు పొడవు పెరిగితే అదనంగా కట్టాలా, ఇప్పుడున్న డబ్బా అక్కడ పనిచేస్తుందా, మధ్యలో ఎన్ని రోజులు సర్వీసు ఉండదు, ఆ రోజుల బిల్లు తగ్గిస్తారా, ముందే ఏడాదికి కట్టిన డబ్బు ఉంటే మిగిలిన నెలలు కొత్త అడ్రస్‌కి వస్తాయా, షిఫ్టింగ్ చేస్తే ఒప్పందం గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందా. ఈ చివరి ప్రశ్న ముఖ్యం. కొన్ని కంపెనీలు షిఫ్టింగ్ ఉచితం అంటాయి, కానీ అది ఒప్పుకోగానే ఇంకో ఏడాదో రెండేళ్లో కట్టుబడి ఉండాలని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మాట్లాడాక టికెట్ నంబరో రిక్వెస్ట్ నంబరో లేకుండా ఫోన్ పెట్టకండి. వీలైతే చాట్‌లోనో ఈమెయిల్‌లోనో అడగండి, రాతలో ఉన్న మాట మీద కాస్తయినా నిలబడతారు. ఫోన్‌లో చెప్పిన మాటకి రెండోసారి ఫోన్ చేసినప్పుడు విలువుండదు, ఎత్తేది ఇంకొకరు, మొదటి నుంచి రామాయణం మొదలుపెట్టాలి.

అడ్రస్ కూడా అక్షరం అక్షరం చదివించుకోండి. బ్లాకు, అంతస్తు, ఫ్లాట్ నంబరు, గుర్తుగా ఏముంది, పోస్టల్ కోడ్. ఒక్క అంకె తప్పు పడితే టెక్నీషియన్ ఇంకో గేటు ముందు నిలబడి "కస్టమర్ అందుబాటులో లేరు" అని టికెట్ మూసేస్తాడు. నవ్వకండి, జరుగుతుంది.

షిఫ్టింగ్ మంచిదా, కొత్త కనెక్షన్ మంచిదా అంటే, లెక్క వేసుకోవాలి. షిఫ్టింగ్ ఛార్జీ, పాత ప్లాన్ నెలవారీ ఖర్చు ఒకవైపు పెట్టండి. మధ్యలో వదిలేసినందుకు కట్టాల్సిన జరిమానా, కొత్త కంపెనీ ఇచ్చే మొదటి ఆఫర్, ఆ ఆఫర్ అయిపోయాక అసలు ధర ఇంకోవైపు పెట్టండి. కంపెనీలు పాత కస్టమర్ కంటే కొత్త కస్టమర్‌ని ఎక్కువ నెత్తిన పెట్టుకుంటాయి, ఇదేం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు, కానీ దాన్ని మనమే వాడుకోవచ్చు. "అక్కడ ఇంకో కంపెనీ తక్కువకి ఇస్తోంది, వెళ్లిపోదాం అనుకుంటున్నా" అని చెప్పి చూడండి, షిఫ్టింగ్ ఛార్జీ మాయమవ్వచ్చు. ఒకవేళ మీ కంపెనీ కొత్త అడ్రస్‌కి సర్వీసే ఇవ్వలేకపోతే, జరిమానా ఎందుకు కట్టాలని గట్టిగా అడగండి. ఒప్పందంలో ఏం రాసుందో ముందు చదివి అడిగితే ఇంకా మంచిది. నంబరు మీద ప్రేమ ఉంటే మాత్రం ఆగి కింద రాసింది చదవండి.

నంబరు సంగతి

మొబైల్ నంబరుకి ఇంటితో పనిలేదు. సిమ్ జేబులో ఉంటుంది, మీరు ఎక్కడికెళ్తే అక్కడికి వస్తుంది. చేయాల్సింది రెండే: బిల్లు అడ్రస్ మార్చడం, కొత్త ఇంట్లో సిగ్నల్ చూసుకోవడం. ఈ రెండోది ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే చేయండి. వరండాలో కాదు, లోపలి గదిలో తలుపు మూసి, ఒక కాల్ చేసి చూడండి. లోపల సిగ్నల్ అందకపోతే వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే కాల్స్ మీ బ్రాడ్‌బ్యాండ్ మీదుగా వెళ్తాయి, చాలా ఫోన్లలో ఆ సెట్టింగ్ ఉంటుంది. మీ మొబైల్ కంపెనీ కూడా దానికి ఒప్పుకోవాలి.

ల్యాండ్‌లైన్ దగ్గరే తిరకాసు. పాత పద్ధతిలో ల్యాండ్‌లైన్ నంబరు ఎక్స్ఛేంజీది, మనది కాదు. నంబరు మొదట్లో ఉండే కోడ్ ఏ ప్రాంతమో చెప్తుంది. అదే ఎక్స్ఛేంజీ పరిధిలో మారితే నంబరు ఉంచుకోవడం సులువు, పరిధి దాటితే చాలాచోట్ల నంబరు మారుతుంది. ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ అయితే నంబరు రూటర్‌తో పాటు ప్రయాణం చేయగలదు, అయినా కంపెనీని అడగకుండా ధీమా పడొద్దు.

నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మారాలంటే, అంటే పోర్టింగ్ చేయాలంటే, మీ నంబరుకి ఆ సౌకర్యం ఉందో లేదో ముందు అడగండి, ఉంటే ఒక్క నియమం గుర్తుంచుకోండి: పాతది మీరు రద్దు చేయకూడదు. నంబరు బతికున్నప్పుడే పోర్టింగ్ జరుగుతుంది. కొత్త కంపెనీకి దరఖాస్తు ఇస్తే వాళ్లే పాత కంపెనీ నుంచి లాక్కుంటారు. మీరు తొందరపడి ముందే కట్ చేయించారనుకోండి, నంబరు కంపెనీ ఖాతాలోకి వెళ్లిపోతుంది, కొన్నాళ్లకి ఇంకెవరికో ఇచ్చేస్తారు. మీ బ్యాంకు ఓటీపీలు, ఆసుపత్రి రికార్డులు ఆ నంబరు మీద ఉంటే ఇక ఎన్ని ఆఫీసులు తిరగాలో ఊహించుకోండి. పోర్టింగ్ పెట్టేటప్పుడు పాత బిల్లులో పేరు ఎలా ఉందో అచ్చం అలాగే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకి కూడా దరఖాస్తులు తిరిగొస్తుంటాయి.

నంబరు మారక తప్పకపోతే, పాత నంబరు కట్ చేసేలోపు దాన్ని ఎక్కడెక్కడ ఇచ్చారో మార్చేయండి. బ్యాంకు మొదట, తర్వాత ఈమెయిల్ రికవరీ నంబరు, ఆ తర్వాత మిగతావి. కొన్ని కంపెనీలు పాత నంబరుకి చేసినవాళ్లకి కొత్త నంబరు చెప్పే రికార్డింగ్ కొన్నాళ్లు పెడతాయి, అడిగితే పోయేదేం లేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది తప్పకుండా చదవండి. రాగి లైను ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, సుమారు 48 వోల్టులు, అందుకే ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఫైబర్ మీద వచ్చే ఫోన్ అలా కాదు, గాజు పోగులో వెలుతురు వస్తుంది గానీ కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే డబ్బా ఆరిపోతుంది, ఫోన్ మూగబోతుంది. రాగి నుంచి ఫైబర్‌కి మారుతుంటే డబ్బాకి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టండి, అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉందో చూసి దానికి సరిపోయేదే కొనండి. ల్యాండ్‌లైన్‌కి తగిలించిన దొంగల అలారం లాంటివి ఉంటే అవి కొత్త లైను మీద పనిచేస్తాయో లేదో విడిగా అడగాలి. ఇంకోటి, ఇంటర్నెట్ ఫోన్ నుంచి అత్యవసర నంబరుకి కాల్ చేస్తే అకౌంటులో నమోదైన అడ్రస్సే అవతలివాళ్లకి కనపడే దేశాలున్నాయి. అక్కడ పాత అడ్రస్ మార్చకపోతే అంబులెన్స్ పాత ఇంటికి వెళ్తుంది. బిల్లు అడ్రస్ మార్చితే ఇది మారినట్టు కాదు, రెండూ వేరువేరుగా మార్పించాలి.

సామాను సర్దేటప్పుడు

డబ్బా పీకే ముందు వెనక వైపు ఒక ఫొటో తీయండి. ఏ వైరు ఏ రంధ్రంలో ఉందో తర్వాత ఎవరికీ గుర్తుండదు. అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రస్ (ఆ డబ్బాకి మాత్రమే ఉండే గుర్తింపు కోడ్) ఉంటాయి, దాన్నీ ఫొటో తీయండి. అడాప్టర్‌ని డబ్బాకే రబ్బరు బ్యాండుతో కట్టేయండి. అన్ని అడాప్టర్లూ ఒకేలా కనపడతాయి, ఒకటి 9 వోల్టులు, ఇంకోటి 12, మరోటి 19. ల్యాప్‌టాప్‌ది రూటర్‌కి గుచ్చితే ఒక్క క్షణంలో పొగ.

ఫైబర్ వైరుని మాత్రం మామూలు వైరులా చుట్ట చుట్టి కుక్కకండి. లోపలున్నది గాజు. గట్టిగా మడిస్తే పైకి బాగానే కనపడుతుంది, లోపల విరుగుతుంది, లేదా వెలుతురు మలుపు దగ్గరే జారిపోతుంది. మీ అరచేయంత గుండ్రంగా వదులుగా చుట్టండి. కనెక్టర్ కొసకి చిన్న టోపీ ఉంటుంది, అది పెట్టేయండి, వేలితో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు చాలు సిగ్నల్ పాడవడానికి. ఆ కొసలోకి కన్ను పెట్టి కూడా చూడొద్దు, అందులో వచ్చే లేజర్ కంటికి కనపడని రకం, వెలుతురు లేదు కదా అని మోసపోతాం. గోడలోంచి వచ్చే వైరు ఎలాగూ మీది కాదు, దాన్ని అక్కడే వదిలేయండి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది. "శుభ్రంగా మొదలుపెడదాం" అని చాలామంది సూదితో రీసెట్ బటన్ నొక్కేస్తారు. కంపెనీ ఇచ్చిన డబ్బాలో లాగిన్, ఫోన్ సెట్టింగులు కంపెనీవాళ్లు ఎక్కించినవి ఉంటాయి, రీసెట్ చేస్తే అవి తుడిచిపెట్టుకుపోవచ్చు, మళ్లీ వాళ్లే ఎక్కించాల్సి రావచ్చు. కొత్త ఇంటికి తీసుకెళ్లే డబ్బాని ముట్టుకోకండి. తిరిగి ఇచ్చేసే డబ్బాని మాత్రం రీసెట్ చేసే ఇవ్వండి, అందులో మీ వైఫై పాస్‌వర్డ్ ఉంటుంది.

టెక్నీషియన్ వచ్చే రోజు

డబ్బా ఎక్కడ పెట్టాలో మీరే ముందు తేల్చుకోండి. మీరు చెప్పకపోతే అతనికి సులువైన చోట పెడతాడు, అంటే గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు పైన. అతని తప్పేం లేదు, రోజుకి అలాంటివి ఎన్నో ఇళ్లు తిరగాలి. ఇంటి నడిమధ్యలో, ఛాతీ ఎత్తుకి పైన, చుట్టూ ఖాళీగా ఉండాలి. టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, చేపల తొట్టె దగ్గర వద్దు, లోహం వైఫైని ఆపేస్తుంది, నీళ్లు తాగేస్తాయి. ఫైబర్ గుమ్మం దాకే వస్తానంటే, మొదటి డబ్బా అక్కడే ఉంచి, అక్కడి నుంచి నెట్‌వర్క్ కేబుల్ లాగి వైఫై రూటర్‌ని మధ్యలో పెట్టుకోవచ్చు. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఏ ఇంటికైనా చాలు.

గోడకి రంధ్రం వేయాలంటే ఓనర్‌ని ముందే అడగండి, మెసేజ్‌లో ఒప్పుకోలు తీసుకోండి. రంధ్రం బయటి వైపుకి కాస్త వాలుగా వేయమనండి, వైరు బయట రంధ్రం కంటే కిందికి ఒక వంపు తిరిగి లోపలికి రావాలి. లేకపోతే వర్షం పడ్డప్పుడు నీటి చుక్కలు వైరు పట్టుకుని నేరుగా మీ గదిలోకి వస్తాయి.

అతను వెళ్లిపోయే ముందు డబ్బా మీద లైట్లు చూడండి. పాన్ (PON) అని రాసున్న లైటు నిలకడగా వెలగాలి. లాస్ (LOS) అని ఉండేది ఎర్రగా వెలిగితే వెలుతురు అందట్లేదని అర్థం. సిగ్నల్ ఎంత వస్తోందో మీటరులో చూపించమనండి, డీబీఎం అనే కొలతలో మైనస్ అంకె వస్తుంది. మామూలు ఇంటి ఫైబర్‌కి మైనస్ 8 నుంచి మైనస్ 27 మధ్య ఉండాలి. మైనస్ 26 అంటే అంచు మీద ఉన్నట్టు, ఈరోజు పనిచేస్తుంది గానీ రేపు వైరు కాస్త వంగినా పడిపోతుంది, "ఇంకోసారి జాయింట్ చేయండి" అని అప్పుడే అడగాలి. ఈ అంకె తెలిసినట్టు మాట్లాడితే చాలు, పనిలో శ్రద్ధ దానంతటదే పెరుగుతుంది.

స్పీడ్ టెస్ట్ వైఫై మీద చేస్తే గొడవకి పనికిరాదు, "అది మీ ఫోన్ సమస్య" అంటారు. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో తగిలించి చేయండి. పెద్ద ప్లాన్ తీసుకున్నా వేగం 94, 95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయి ఎంత చేసినా పెరగకపోతే, కంపెనీని తిట్టే ముందు కేబుల్ మార్చి చూడండి. లోపల నాలుగు జతల తీగల్లో ఒకటి తెగినా, లేదా పాత పోర్టు అయినా, అది 100 ఎంబీపీఎస్‌కే పరిమితమవుతుంది. డౌన్‌లోడ్‌లో కనపడే ఎంబీకి, ప్లాన్‌లో రాసే ఎంబీపీఎస్‌కి ఎనిమిది రెట్లు తేడా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 ఎంబీ.

సొంత రూటర్ తెచ్చుకున్నవాళ్లకి ఒక మాట. లైట్లన్నీ బాగానే ఉన్నా ఇంటర్నెట్ రాకపోతే, కంపెనీ పాత డబ్బా మ్యాక్ అడ్రస్‌కే అకౌంటుని కట్టేసి ఉండొచ్చు. ఫోన్ చేసి విడిపించమంటే రెండు నిమిషాల పని. ఇంట్లో కెమెరాలు బయటి నుంచి చూసేవాళ్లు, రూటర్ సెట్టింగుల్లో కొత్త కనెక్షన్‌కి ఇచ్చిన ఐపీ (ఇంటర్నెట్‌లో మీ లైనుకి ఉండే అంకెల చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతోందేమో చూడండి. అలా ఉంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచారన్నమాట, పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా మీ కెమెరాకి దారి ఇవ్వడం, పనిచేయదు, మీకంటూ విడిగా పబ్లిక్ ఐపీ ఇస్తారేమో అడగండి.

ఇక నాకు బాగా నచ్చిన చిట్కా. కొత్త రూటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా అవే పెట్టండి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా రాకుండా. టీవీ, ప్రింటర్, కెమెరాలు, ఇంటిల్లిపాది ఫోన్లు, అన్నీ ఏమీ జరగనట్టే కలుస్తాయి. లేకపోతే ఒక్కో దాంట్లో రిమోట్‌తో అక్షరం అక్షరం పాస్‌వర్డ్ కొట్టుకుంటూ ఆ సాయంత్రమంతా గడిచిపోతుంది.

ఫోన్ ఉంటే రెండు వైపులా పరీక్ష చేయండి. నంబరు మార్పిడి సగంలో ఉన్నప్పుడు మీరు చేసే కాల్స్ వెళ్తాయి, మీకొచ్చేవి రావు, అంతా బాగుందనుకుని కూర్చుంటాం. వేరే కంపెనీ ఫోన్ నుంచి మీ నంబరుకి కొట్టించి చూడండి.

పాతది ఎప్పుడు కట్ చేయాలి

కొత్తది రెండు మూడు రోజులు, అందులో రాత్రి రద్దీ వేళలు కూడా, సరిగ్గా పనిచేశాక. అంతకు ముందు వద్దు. కొన్ని రోజులు రెండు బిల్లులు కడతారు, అది నేను సంతోషంగా కడతాను ఇప్పుడు. షిఫ్టింగ్ పెట్టినవాళ్లకి ఒకే అకౌంటు కాబట్టి రెండూ ఒకేసారి నడవవు, వాళ్లు కొత్త చోట లైను వచ్చాకే పాతది ఆపమని దరఖాస్తులోనే రాయించాలి. అది కూడా కుదరదంటే మధ్య రోజులకి మొబైల్ డేటా పెద్ద ప్యాక్ వేయించి, ఆఫీసులో ముందే చెప్పి పెట్టుకోండి.

డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి, అడాప్టర్ కూడా ఇచ్చినట్టు అందులో ఉండాలి. రసీదు లేకపోతే మూడు నెలల తర్వాత "పరికరం అందలేదు" అని బిల్లు వస్తుంది, ఇచ్చామని నిరూపించుకోవడం మన పనే అవుతుంది. అకౌంటు మూసినట్టు రాతపూర్వకంగా ఏదో ఒకటి అడగండి. ఆటో డెబిట్‌ని మాత్రం చివరి బిల్లు వచ్చి, అంకె సరిచూసుకుని, కట్టేశాక ఆపండి. ముందే ఆపేస్తే చిన్న బకాయి పడి ఆలస్యపు రుసుము తగిలిస్తారు, ఆపడం మర్చిపోతే లేని ఇంటికి నెలనెలా కడుతూ పోతారు. డిపాజిట్ కట్టి ఉంటే అది వాళ్లంతట వాళ్లు ఇస్తారని ఎదురుచూడకండి, చివరి బిల్లు కట్టిన రోజే అడిగి, దానికీ ఒక టికెట్ నంబరు తీసుకోండి.